కాగు నుంచి గీజరు దాకా: తెలుగు ఇళ్ళలో వేణ్ణీళ్ళ చరిత్ర

తెలుగు ఇళ్ళలో వంట తరవాత పొయ్యి వెలిగింది ఎక్కువగా స్నానం నీళ్ళకే. మట్టి కాగు, ఇత్తడి గంగాళం, రాగి బాయిలరు, కరెంటు కడ్డీ, గీజరు, మిద్దె మీద సోలార్ పలకలు, ఇన్ని పరికరాలు ఈ ఒక్క పని కోసం వచ్చాయి. మొదటి రెండూ తరతరాలు నిలిచాయి. మిగిలినవన్నీ దాదాపు వందేళ్ళ లోపే ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. పాతది పోయి కొత్తది వచ్చిన ప్రతిసారీ వేణ్ణీళ్ళ ఖర్చు పెరిగిందా తగ్గిందా అని అడిగితే జవాబు సగమే దొరుకుతుంది. ఆ ఖర్చు ఎవరి మీద పడిందన్నది అసలు సంగతి. కట్టెలు కొట్టి, నీళ్ళు మోసి, పొగలో కూర్చున్న మనిషి ఒంటి కష్టంతో తీర్చిన ఖర్చు మొదట కరెంటు బిల్లులోకి చేరింది. ఆ తరవాత కొన్నేళ్ళకొకసారి కొనక తప్పని కొత్త గీజరు వెలలోకి చేరింది.

వేణ్ణీళ్ళ స్నానం అన్ని రోజుల నియమమేమీ కాదు. ఎండాకాలంలో నూతి నీళ్ళే హాయి. కార్తీక మాసంలో తెల్లవారుజామున ఏట్లోనో చెరువులోనో మునిగేది చన్నీళ్ళలోనే. వేణ్ణీళ్ళు లేకపోతే జరగనిది తలంటు. ఒంటికి నువ్వుల నూనె పట్టించి, సున్నిపిండితో నలిచి, కుంకుడుకాయ పులుసుతోనో సీకాయతోనో తల రుద్దితే, ఆ జిడ్డు చన్నీళ్ళకు వదలదు. ఆడవాళ్ళకు శుక్రవారం, మగవాళ్ళకు శనివారం తలంటు అన్న వాడుక చాలా ఇళ్ళలో ఉండేది. నరక చతుర్దశికి, భోగికి, ఉగాదికి ఇంటిల్లిపాదీ తలంట్లు పోసుకోవాలి. అది కూడా తెల్లవారేలోపు అయితే మరీ మంచిది. భోగిమంట తగ్గుముఖం పట్టాక ఆ నిప్పుల మీదే బిందెలు పెట్టి నీళ్ళు కాచుకోవడం పల్లెల్లో ఇప్పటికీ ఉంది. ఇక బాలింత ఉన్న ఇంటి సంగతి వేరు. ఆమెకు వావిలాకు వేసి మరిగించిన నీళ్ళు కావాలి, పసిబిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని పోయడానికి గోరువెచ్చని నీళ్ళు కావాలి. ఆ రోజుల్లో నీళ్ళ పొయ్యి ఆరకుండా చూసుకునేవారు. వైద్య గ్రంథాలు ఈ వేడికి హద్దు కూడా చెప్పాయి. మెడ కింది ఒంటికి వేణ్ణీళ్ళు బలాన్నిస్తాయని, అవే నీళ్ళు తల మీద పోస్తే జుట్టుకూ కళ్ళకూ మంచిది కాదని వాగ్భటుడి అష్టాంగహృదయం చెబుతుంది.

నీళ్ళు కాచడానికి వాడిన పాత్రల్లో అన్నిటికన్నా పాతది మట్టి కాగు. కుమ్మరి దాన్ని పెద్ద పొట్టతో, చెంబు సులువుగా దూరేంత మూతితో చేసేవాడు. పొయ్యి మీద పెట్టాక దాన్ని మళ్ళీ మళ్ళీ దించడం కుదరదు కనుక చుట్టూ మట్టి మెత్తి కదలకుండా కూర్చోబెట్టేవారు. నీళ్ళు బిందెలతో తెచ్చి దానిలో పోయాలి, కాగాక ముంతతో తోడుకోవాలి. కాస్త కలిగిన ఇంట్లో ఆ చోట ఇత్తడి గంగాళమో రాగి గంగాళమో ఉండేది. నీళ్ళ పొయ్యికి వంటింట్లో చోటు లేదు. అది బావి పక్కన దొడ్లో ఉండేది, లేదా స్నానం చేసే చోటును ఆనుకుని ఉండేది. ఆ చోటును రాయలసీమలో బచ్చలి అంటారు, తెలంగాణలో జాలారు అంటారు. నీళ్ళు మోసే దూరం తగ్గాలి, వాడిన నీళ్ళు పారే దారి ఉండాలి, పొగ ఇంట్లోకి రాకూడదు. పొయ్యి చోటు ఈ మూడింటిని బట్టే కుదిరింది. అరటి మొక్కలో, కూరపాదులో ఆ పారే నీటి దారిలోనే పెరిగేవి.

మంచి కట్టె వంటకి, మిగిలిందంతా నీళ్ళ పొయ్యికి అన్నది ఇంటి ఆడవాళ్ళ లెక్క. అందుకే నీళ్ళ పొయ్యిలో ఏం మండుతోందో చూస్తే ఆ ఊరి పంటలేమిటో తెలిసిపోయేది. కోస్తాలో తాటి మట్టలు, కొబ్బరి మట్టలు, సరుగుడు కొమ్మలు వాడేవారు. నల్లరేగడి నేలల్లో పత్తి కట్టె, కంది కట్టె మండేవి. అనంతపురం వైపు వేరుశనగ పొట్టు, రైసుమిల్లు ఉన్న ఊళ్ళో ఊక, కోత మిషను ఉన్న పేటలో రంపపు పొట్టు. పొట్టును మండించడానికి ఒక చక్కని ఉపాయం ఉంది. పక్కన కన్నం చేసిన రేకు డబ్బాలో నడుమ ఒక కర్ర నిలబెట్టి, చుట్టూ పొట్టును గట్టిగా కూరి, కర్రను మెల్లగా తీసేస్తారు. మధ్యలో మిగిలిన గొట్టంలాంటి సందులో నిప్పు అంటిస్తే గంటల తరబడి నిదానంగా మండుతుంది. పిడకలు అన్ని ప్రాంతాల్లోనూ ఉండేవి. మెట్ట ప్రాంతాల్లో సర్కారు తుమ్మ అల్లుకున్నాక పేదల పొయ్యికి అదే దిక్కయింది.

ఎండిన కట్టె ఉన్నన్నాళ్ళూ ఇది మామూలు పని. ముసురు పడితే నరకమే. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో వానకాలాన్ని వర్ణిస్తూ, తడిసిన కట్టెలతో నిప్పు రాజేయలేక ఇల్లాళ్ళు పడ్డ పాట్లను చెప్పడం మరిచిపోలేదు. అది వంట గురించి చెప్పింది. పొడికట్టె వంటకే చాలనప్పుడు నీళ్ళ పొయ్యి గతి ఏమిటో చెప్పనక్కరలేదు. ఆ కష్టం 16వ శతాబ్దంలో ఎలా ఉందో 20వ శతాబ్దం నడిమి దాకా పల్లెటూళ్ళలో దాదాపు అలాగే ఉంది.

కాగు కింద ఎంత కట్టె కాలిపోయేదో అంచనా వేయవచ్చు. 20 లీటర్ల బకెట్టు నీళ్ళను 25 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు తేవాలంటే 300 కిలోకేలరీల వేడి కావాలి. ఎండు కట్టె కిలోకు సుమారు 3,500 కిలోకేలరీలు ఇస్తుంది. అయితే మూడు రాళ్ళ పొయ్యిలో అందులో పదో వంతే పాత్రకు చేరుతుంది, మిగిలింది గాలిలో కలుస్తుంది. అంటే బకెట్టుకు 850 గ్రాముల కట్టె. ఆరుగురున్న ఇంట్లో అందరూ వేణ్ణీళ్ళే పోసుకుంటే రోజుకు 5 కిలోలు, నెలకు 150 కిలోల పైమాట. రోజూ అందరికీ వేణ్ణీళ్ళు అన్నది ఒకప్పుడు ఎందుకు జరగలేదో ఈ అంకెలే చెబుతాయి. ముసలివాళ్ళకు, జబ్బు మనుషులకు, చంటిబిడ్డలకు ముందు పోసేవారు. చివరికి మిగిలిన నులివెచ్చని నీళ్ళు పొయ్యి ముందు కూర్చున్న ఇల్లాలికి దక్కేవి.

పాత్ర ఖర్చు కథ పూర్తిగా వేరు. గంగాళం కొనడమంటే ఇంటికి ఆస్తి చేర్చుకోవడం. గోదావరి ప్రాంతంలో అజ్జరం, శ్రీకాకుళంలో బుడితి ఇత్తడి, కంచు పాత్రలకు పేరు పడ్డ ఊళ్ళు. జనగామ దగ్గర పెంబర్తి ఇత్తడి రేకు పనికి పేరు పొందింది. పెద్ద పాత్రలు తూకం మీద అమ్మేవారు. లోహం ధరకు కూలి కలిపి వెల కట్టేవారు. కూతురికి ఇచ్చే సారెలో గంగాళం ఉంటే దాని మీద పుట్టింటివారి పేరు చెక్కించడం వాడుక. ఆ అక్షరాలు అరిగిపోయేదాకా అది మూడు తరాల స్నానాలు చూసేది. అడుగున చిల్లి పడితే మాట్లు వేసేవాడు వీధిలోకి వచ్చినప్పుడు మాటు వేయించేవారు. మాట్లకూ లొంగనంతగా అరిగిపోతే అంగడికి తీసుకెళ్ళి మార్చుకునేవారు. పాత పాత్రను తూచి, తరుగు తీసేసి, మిగిలిన బరువుకు కొత్త పాత్ర బరువులో మినహాయింపు ఇచ్చేవారు. ఇంటివాళ్ళు కట్టేది బరువులో తేడాకు, చేతి కూలికి మాత్రమే. పాత్ర పాతబడినా లోహం విలువ పోకపోవడం వల్ల కరువు రోజుల్లో గంగాళమే తాకట్టుకు వెళ్ళేది, పంట చేతికొచ్చాక తిరిగి ఇంటికి వచ్చేది. ఇప్పటి నీటి హీటరుకు ఈ గుణం లేదు. రెండు కాలాల ఖర్చును పోల్చేటప్పుడు చాలామంది మరిచిపోయేది ఇదే.

పాలకుల ఇళ్ళలో నీళ్ళు కాచే ఏర్పాటు కట్టడంలోనే కలిసిపోయి ఉండేది. గోల్కొండ కోటకు దగ్గర్లోని కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో ఆ వంశపు కాలం నాటి హమాం ఒకటి ఇప్పటికీ చూడవచ్చు. రాజవంశీకుల భౌతికకాయాలకు అంత్య స్నానం చేయించడానికి వాడిన కట్టడం ఇది. పర్షియా, తుర్కీ స్నానశాలల పద్ధతిలో వేణ్ణీళ్ళకు, చన్నీళ్ళకు వేరువేరు తొట్లు ఇందులో ఉన్నాయి. హమాం పద్ధతిలో పొయ్యి ఒకచోట, స్నానం మరోచోట ఉంటాయి. నీళ్ళు కాలువలోనో గొట్టంలోనో నడిచి మనిషి దగ్గరికి వస్తాయి. మామూలు ఇళ్ళకు ఈ సదుపాయం చేరడానికి వందల ఏళ్ళు పట్టింది. పేరు మాత్రం ముందే చేరింది. హైదరాబాద్ ప్రాంతంలో ఇళ్ళలో వాడే రాగి బాయిలరును కూడా హమాం అనే పిలిచేవారు.

ఆ బాయిలరు 20వ శతాబ్దంలో పట్టణాల్లో మధ్యతరగతి ఇళ్ళకు వచ్చిన గొప్ప మార్పు. చూడటానికి నిలువుపాటి రాగి పీపా. లోపల నడుమ ఒక గొట్టం అడుగు నుంచి పైదాకా ఉంటుంది. నిప్పు వేసేది ఆ గొట్టంలోనే. బూడిద కింద జల్లెడ నుంచి రాలుతుంది, పొగ పైనుంచి పోతుంది, నీళ్ళు గొట్టం చుట్టూ ఉంటాయి. మంట నలువైపులా నీళ్ళే ఉండటంతో వేడి వృథా తగ్గింది. గంగాళం కింద మోపెడు కట్టె కాలిన చోట దీనికి గుప్పెడు చితుకులు, నాలుగు కొబ్బరి చిప్పలు, కాసిన్ని బొగ్గులు చాలు. సింగరేణి గనుల ఊళ్ళలో, రైల్వే కాలనీల్లో బొగ్గుకు కొదవ లేదు. పక్కన కుళాయి ఉండటంతో మరిగే నీళ్ళలో చెంబు ముంచే అవసరం పోయింది, చేతులు కాలడం తగ్గింది. కొన్ని రకాల్లో పైన గరాటులో చన్నీళ్ళు పోస్తేనే కుళాయి నుంచి వేణ్ణీళ్ళు వచ్చేవి. ఎన్ని పోస్తే అన్నే వస్తాయి కనుక లోపల నీరు ఎప్పుడూ నిండుగా ఉండేది. ఆ ఏర్పాటు లేని బాయిలర్లలో నీళ్ళు అయిపోయింది గమనించకుండా మంట వేస్తే అతుకులు కరిగి ఊడిపోయేవి. మళ్ళీ కంచరి దగ్గరికి పరుగే. బాయిలరును ఒకచోటి నుంచి మరోచోటికి ఎత్తి పెట్టుకోవచ్చు. పండుగ ముందు చింతపండుతో తోమితే పసిడిలా మెరిసేది. గంగాళంలాగే దీనికీ రాగి బరువును బట్టే వెల, మార్పిడిలోనూ అదే లెక్క.

అంతకు ముందే దూరదేశాల్లో నీళ్ళు కాచే పద్ధతి ఇంకో దారి పట్టింది. 1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాన్ అనే ఆయన, గొట్టంలో పారుతున్న నీటిని గ్యాసు మంటతో అక్కడికక్కడే వేడి చేసే పరికరానికి పేటెంటు తీసుకుని దానికి గీజర్ అని పేరు పెట్టాడు. పొగ పోయే దారి పెట్టకపోవడం దాని పెద్ద లోపం. 1889లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో, నార్వే నుంచి వలస వచ్చిన ఎడ్విన్ రూడ్ నీళ్ళు నిలవ ఉంచి తనంతట తానే వేడి చేసుకునే హీటరును తయారు చేశాడు. 1906లో ఆల్బర్ట్ మార్ష్ నికెల్, క్రోమియం కలిపిన నిక్రోమ్ తీగకు పేటెంటు పొందాడు. ఎర్రగా కాలినా త్వరగా తెగని ఈ తీగ లేకపోతే కరెంటుతో నీళ్ళు కాచడం ఇంత చవకగా కుదిరేది కాదు. అమెరికాలో ఇల్లంతటికీ ఒకే పెద్ద ట్యాంకు పెట్టడం రివాజయింది. అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాల ఇళ్ళలో గ్యారేజీలోనో నేలమాళిగలోనో ఉండేది ఈ 40, 50 గ్యాలన్ల ట్యాంకే, అంటే 150 నుంచి 190 లీటర్లు. అది కారడం మొదలుపెడితే చాలా ఊళ్ళలో మార్చడానికి లైసెన్సున్న ప్లంబరు, పురపాలక అనుమతి రెండూ కావాలి. మన దేశంలో అలా కాక స్నానాలగదికొక చిన్న గీజరు అన్న పద్ధతి నిలబడింది. ఏడాదిలో కొన్ని నెలలే, రోజులో కాసేపే వేణ్ణీళ్ళు కావలసిన వాతావరణానికి ఇదే సరిపోతుంది.

గీజరు రావాలంటే దానికి ముందు మూడు రావాలి: కరెంటు, ఎత్తు నుంచి దిగే నీళ్ళు, ఇంటిలోపల స్నానాలగది. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్ కేంద్రం 1920 నాటిది. 1908 మూసీ వరదల తరవాత కట్టిన ఉస్మాన్‌సాగర్ కూడా 1920లోనే పూర్తయి, నగరానికి కుళాయి నీళ్ళు ఇచ్చింది. ఉత్తరాంధ్రకు మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు 1955లో మొదలైంది. పల్లెల్లో మొదట కరెంటు వెళ్ళింది వ్యవసాయ మోటార్లకు, వీధి దీపాలకు. ఇంట్లోకి వచ్చినా ఒకటి రెండు బల్బులకే సరిపోయేది. సాయంత్రమయ్యేసరికి పడిపోయే వోల్టేజీతో నీళ్ళు కాగవు. నీళ్ళ విషయంలో మలుపు మిద్దె మీది ట్యాంకుతో వచ్చింది. మోటారుతో పైకి ఎక్కించిన నీళ్ళు తమ బరువుతో కిందికి దిగితేనే గీజరు పనిచేస్తుంది. సిమెంటు ట్యాంకులు, ఆ తరవాత నల్లటి ప్లాస్టిక్ ట్యాంకులు ఇంటింటి మీదా కనిపించాకే గీజరు మామూలు వస్తువయింది.

ఈ మూడూ సమకూరక ముందే కరెంటుతో నీళ్ళు కాచిన పరికరం హీటరు కడ్డీ. చుట్టలా వంచిన రాగి గొట్టం, లోపల నిక్రోమ్ తీగ, రెండింటి మధ్య కరెంటు దాటకుండా నింపిన మెగ్నీషియం ఆక్సైడ్ పొడి. అంతకు మించి ఏమీ లేదు. 1,500 వాట్ల కడ్డీకి 20 లీటర్ల బకెట్టును 15 డిగ్రీలు వేడెక్కించడానికి సుమారు పావుగంట పడుతుంది, యూనిట్‌లో మూడో వంతుకు కాస్త పైగా కరెంటు ఖర్చవుతుంది. అద్దె గదుల్లో, హాస్టళ్ళలో, కుళాయి లేని ఇళ్ళలో దీనికి ఇప్పటికీ పోటీ లేదు. తీసుకున్న ప్రాణాల లెక్కలోనూ దీన్ని తక్కువ చేయకూడదు. ఇనుప బకెట్టులో కడ్డీ ఉండగానే వేలు పెట్టి వేడి చూడటం, ఎర్తు లేని ప్లగ్గు, చిట్లిన గొట్టం, నీళ్ళు లేకుండా స్విచ్చి వేయడం మళ్ళీ మళ్ళీ జరిగే ప్రమాదాలు. కడ్డీలకు ఐఎస్ 368, నిలవ గీజర్లకు ఐఎస్ 2082 అన్న భారతీయ ప్రమాణాలు ఉన్నాయి. 2003లో కేంద్రం ఇచ్చిన నాణ్యత నియంత్రణ ఉత్తర్వు తరవాత ఐఎస్‌ఐ గుర్తు లేకుండా వీటిని అమ్మకూడదు. అయినా గుర్తు లేని చవక కడ్డీలు సంతల్లో దొరుకుతూనే ఉన్నాయి. నూరో రెండు వందలో కలిసొస్తుందని వాటిని కొనడం తగదు.

నిలవ గీజరు లోపల ఒక ట్యాంకు, అందులో వేడి కడ్డీ, వేడి చాలగానే కరెంటు ఆపే థర్మోస్టాట్, అది పనిచేయకపోతే అడ్డుపడే కటౌట్, చుట్టూ వేడి పోకుండా పట్టే పొర ఉంటాయి. చన్నీళ్ళు అడుగున చేరతాయి. తేలికైన వేణ్ణీళ్ళు పైకి లేచి అక్కడి నుంచి బయటికి వస్తాయి. పాత గీజర్లలో ట్యాంకు రాగిది. రాగి ధర పెరిగేకొద్దీ స్టెయిన్‌లెస్ స్టీలు, ఆ తరవాత గాజు పూత పూసిన ఉక్కు ట్యాంకులు వచ్చాయి. పూతలో ఎక్కడైనా పగులు పడితే ఉక్కు తుప్పు పట్టకుండా, తాను ముందు కరిగిపోవడానికి మెగ్నీషియం కడ్డీ ఒకటి లోపల పెడతారు. దాన్ని ఆనోడ్ అంటారు. గీజరు ఆయుష్షు చాలావరకు ఈ చిన్న కడ్డీ మీద, ఇంటికొచ్చే నీటి మీద ఆధారపడుతుంది.

తెలుగు పట్టణాల్లో నీటి సంగతే గీజర్లను ఎక్కువగా దెబ్బతీసింది. చెరువులూ బావులూ పూడి, బోర్లు లోతుకు వెళ్ళేకొద్దీ నీటిలో సున్నం పెరిగింది. తాగునీటిలో కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకుంటే మంచిదని, వేరే నీరు లేకపోతే 600 దాకా సరిపెట్టుకోవచ్చని భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. బోరు నీరు ఎన్నో కాలనీల్లో ఈ హద్దులకు అటూ ఇటూగా ఉంటుంది. నీరు వేడెక్కగానే కరిగి ఉన్న సున్నం తెల్లటి పొరగా కడ్డీకి అంటుకుంటుంది. ఆ పొర మందమైతే వేడి నీటికి చేరదు, కడ్డీ లోలోపల కాగి చిట్లిపోతుంది. మట్టి కాగులోనూ, గంగాళంలోనూ సున్నం పట్టేది. పీచుతో గీకితే పోయేది. మూసిన ట్యాంకులో అది కుదరదు.

వంటగ్యాసు ఇంటింటికీ చేరాక గ్యాసు గీజర్లు వచ్చాయి. 14.2 కిలోల సిలిండరుతో సుమారు నాలుగు వందల బకెట్లు కాచుకోవచ్చు, అందుకే ఖర్చు పరంగా ఇవి ఆశ పెట్టాయి. మూసిన స్నానాలగదిలో వీటిని బిగించడం మాత్రం ప్రాణాంతకం. ప్రాణవాయువు చాలకపోతే మంట నుంచి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. స్నానానికి వెళ్ళిన మనిషి తలుపు గడియ వేసుకుని స్పృహ తప్పిన వార్తలు చలికాలం వచ్చిందంటే పత్రికల్లో కనిపిస్తాయి. గ్యాసు గీజరు పెట్టుకునేవారు దాన్ని గది బయట, గాలి ఆడే చోట బిగించి, వేణ్ణీళ్ళను మాత్రమే గొట్టం ద్వారా లోపలికి తీసుకోవాలి.

ఎండకు లోటు లేని ఈ నేలకు సోలార్ హీటరు సహజంగా కుదరాలి. రెండు చదరపు మీటర్ల పలక రోజుకు సుమారు 100 లీటర్ల నీటిని 60 డిగ్రీల దాకా కాచగలదు. మొదట రాగి గొట్టాలు బిగించిన నల్ల పలకలు, తరవాత చవకగా గాజు గొట్టాలవి వచ్చాయి. 2010లో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ సౌర మిషన్ 2022 నాటికి 2 కోట్ల చదరపు మీటర్ల సౌర తాప పలకలు అమర్చాలని లక్ష్యం పెట్టుకుంది. కేంద్రం రాయితీ 2014లో ఆగిపోయింది. సొంత మిద్దె ఉన్నవారికి సోలార్ మంచి ఎంపికే. అపార్ట్‌మెంట్లలో మిద్దె అందరిదీ కావడం, పై నుంచి కింది అంతస్తుకు వేణ్ణీళ్ళు వచ్చేలోపు గొట్టంలోని చన్నీళ్ళు వృథాగా పోవడం దీనికి అడ్డంకులయ్యాయి.

గీజరు మార్చాలా, బాగుచేయించాలా అన్నది ఏది పాడైందో చూసి తేల్చాలి. నీళ్ళు ఆలస్యంగా కాగుతుంటే, లోపల టపటప చప్పుడవుతుంటే సున్నం పట్టిందని అర్థం. ట్యాంకు విప్పి శుభ్రం చేయించి, అవసరమైతే కడ్డీ మార్పిస్తే సరిపోతుంది. నీళ్ళు అసలు కాగకపోతే థర్మోస్టాటో కడ్డీయో పోయి ఉంటుంది. స్విచ్చి వేయగానే బ్రేకరు పడిపోతుంటే కడ్డీ చిట్లి కరెంటు నీటిలోకి వస్తోందని అనుమానించి, వాడకం వెంటనే ఆపాలి. ఈ భాగాలన్నీ కొత్త గీజరు ధరలో చిన్న వంతుకే వస్తాయి. తుప్పు రంగు నీళ్ళు వస్తున్నా, పెంకు అడుగు నుంచి చుక్కలు కారుతున్నా ట్యాంకే పోయిందని లెక్క. దానికి మాటు లేదు, మార్చడమే.

కొత్తది ఎంత పరిమాణంలో ఉండాలన్నది మనుషుల సంఖ్యను బట్టి, స్నానం చేసే తీరును బట్టి ఉంటుంది. బకెట్టు స్నానానికి 15 లీటర్లు సరిపోతుంది. షవరుకు, వరసగా నలుగురు స్నానం చేసే ఇంటికి 25 లీటర్లు కావాలి. వంటింటి తొట్టికి 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజరు చాలు. 15 లీటర్ల గీజరు సుమారు 6 వేల నుంచి 12 వేల రూపాయలకు, 25 లీటర్లది 8 వేల నుంచి 15 వేలకు దొరుకుతుంది. ట్యాంకు రకం, స్టార్ల సంఖ్య, వారంటీ ఏళ్ళను బట్టి ధర మారుతుంది. 2018 జూలైలో వీటి మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. బిగింపు ఉచితమని ప్రకటించినా గొట్టాలు, వాల్వులు, గోడ బోల్టులు, పాత గీజరు దించడం వేరే బిల్లుగా రావడం మామూలు. ఆ వివరాలు ముందే అడిగి తెలుసుకోవాలి. స్టార్ గుర్తు చెప్పేది నీళ్ళు ఎంత త్వరగా కాగుతాయన్నది కాదు, కాగిన నీటి నుంచి రోజుకు ఎంత వేడి వృథాగా పోతుందన్నది. స్విచ్చి గంటల తరబడి వేసి ఉంచే ఇంటికి అది ముఖ్యం. 25 లీటర్లను 25 నుంచి 60 డిగ్రీలకు కాచడానికి ఒక యూనిట్ ఖర్చవుతుంది. రోజూ ఒకసారి కాస్తే నెలకు 30 యూనిట్లు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే శ్లాబులు ఉన్నందువల్ల, ఈ 30 యూనిట్లు ఇంటి బిల్లును పై శ్లాబులోకి నెట్టగలవు.

పైనున్న ట్యాంకుకు, గీజరుకు మధ్య ఎత్తు కూడా చూసుకోవాలి. ప్రతి పది మీటర్ల ఎత్తుకు ఒక బార్ పీడనం. పదిహేను అంతస్తుల భవనంలో కింది ఇంటికి నాలుగున్నర బార్లు వస్తాయి. ప్రెషర్ పంపు ఉంటే ఇంకా పెరుగుతుంది. అలాంటిచోట 8 బార్లకు తట్టుకునే గీజరే తీసుకోవాలి. 2,000 వాట్ల గీజరు సుమారు 9 ఆంపియర్ల కరెంటు లాగుతుంది, అందువల్ల 6 ఆంపియర్ల ప్లగ్గు పనికిరాదు. 16 ఆంపియర్ల ప్లగ్గు, దానికి తగ్గ తీగ, విడిగా ఒక బ్రేకరు, గట్టి ఎర్తు ఉండాలి. పాత ఇళ్ళలో గీజరు మార్పిడి ఖర్చు పెరిగేది ఇక్కడే. వైరింగు మార్చవలసి వస్తే ఆ ఖర్చుకు వెనుకాడకూడదు. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకుంటే, కరెంటు నీటిలోకి వచ్చిన క్షణంలో సరఫరా తెగిపోతుంది.

మార్చేటప్పుడు మొదట బ్రేకరు ఆపి, ప్లగ్గు తీసి, లోపలి నీళ్ళు చల్లారనివ్వాలి. తరవాత చన్నీళ్ళ వాల్వు కట్టేసి, వేణ్ణీళ్ళ కుళాయి తిప్పి, ట్యాంకు ఖాళీ చేస్తారు. నిండుగా ఉన్న 25 లీటర్ల గీజరులో నీటి బరువే 25 కిలోలు, ఖాళీ చేయకుండా దించకూడదు. కొత్తదాన్ని ఇటుక గోడకు గట్టి బోల్టులతో బిగించి, నీలం గుర్తున్న వైపు చన్నీళ్ళు, ఎరుపు గుర్తున్న వైపు వేణ్ణీళ్ళు కలుపుతారు. చన్నీళ్ళ వైపు సేఫ్టీ వాల్వు తప్పకుండా ఉండాలి. నీళ్ళు కాగినప్పుడు పెరిగే పీడనం ఆ వాల్వు నుంచి చుక్కలుగా పోతుంది కనుక దాన్ని కారుతోందని ఎండ్‌క్యాప్‌తో మూసేయకూడదు. వేణ్ణీళ్ళ కుళాయి నుంచి గాలి పోయి, ధార ఆగకుండా వచ్చేదాకా ట్యాంకు నింపిన తరవాతే స్విచ్చి వేయాలి. మొదటిసారి కాగాక అతుకులన్నీ చేత్తో తడిమి చూసి, వారంటీ కార్డు మీద తేదీ, ముద్ర వేయించుకుంటే పని పూర్తయినట్టు. బోరు నీరున్న ఇంట్లో ఏడాదికోసారి, మంచినీటి సరఫరా ఉన్న ఇంట్లో రెండేళ్ళకోసారి ఆనోడ్ కడ్డీని విప్పి చూపించి, అరిగితే మార్పించాలి. దించిన పాత గీజరు రాగి ట్యాంకుదైతే రాగి ధర వస్తుంది. గాజు పూత ఉక్కుదైతే పాత ఇనుము ధరే, అదీ పూత వల్ల ఇంకా తగ్గించి ఇస్తారు.